రోడ్డు ప్రమాదంలో గాయపడితే ఆధారాలు ఎలా కూడగట్టాలి, పరిహారం ఎలా అడగాలి

రోడ్డు మీద ప్రమాదం జరిగి కాలో చెయ్యో విరిగినప్పుడు ఇంట్లో వాళ్ల ధ్యాసంతా మనిషి మీదే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ మొదటి కొద్ది రోజుల్లో ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్లో ఎవరో హడావుడిగా రాసేసిన నాలుగు కాగితాలే తర్వాత ట్రిబ్యునల్లో, అంటే ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో, మన కేసును నిలబెడతాయి, లేదా కూలదోస్తాయి. లాయర్ ఎంత మంచివాడైనా అప్పటికే తప్పుగా రాసిన కాగితాన్ని మార్చలేడు. అందుకే కోర్టు సంగతి కంటే ముందు ఆసుపత్రి, స్టేషన్ సంగతే ఎక్కువ రాస్తున్నాను. ఇదంతా ఆంధ్రా, తెలంగాణల్లో మామూలుగా జరిగే బైకు, ఆటో, కారు, లారీ ప్రమాదాల గురించి, అది కూడా మనిషి బతికి గాయాలతో బయటపడిన కేసుల గురించి. చట్టం దేశమంతా ఒకటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 2019లో దాన్ని సవరించారు, పరిహారానికి సంబంధించిన మార్పులు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి పాత కేసుల్లో ఎవరికో ఎలా జరిగిందో విని అలాగే మీకూ జరుగుతుందనుకోకండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో ఒకరికి కాగితాల పని అప్పగించండి. తమ్ముడో, కూతురో, బావమరిదో ఎవరైనా పర్లేదు, కానీ ఆసుపత్రిలో మనిషిని చూసుకునేవాళ్లే ఆ పని కూడా చెయ్యాలంటే రెండూ చెడతాయి. ఒక ఫైలు కొని ప్రతి చీటీ అందులో పెట్టడం, ప్రతిదీ ఫోటో తీసుకోవడం, స్టేషన్‌కి వెళ్లి రావడం, ఇంతే వాళ్ల పని.

స్పాట్‌లో ఏం చెయ్యాలి

మొదట 108కి ఫోన్ చెయ్యండి, హైవే మీదైతే 1033 కూడా ఉంది. సాయం చేసినవాళ్లని పోలీసులు ఇబ్బంది పెడతారని భయపడి జనం దగ్గరికి రారు, కానీ చట్టంలోనే 134ఎ సెక్షన్ పెట్టి, సాయం చేసిన మనిషి మీద కేసు ఉండదని రాశారు. తన పేరు చెప్పమనీ బలవంతం చెయ్యకూడదు. ఈ మాట అక్కడున్నవాళ్లకి చెప్పండి, ఎందుకంటే మీకు వాళ్ల సాయమే కాదు, వాళ్ల సాక్ష్యం కూడా కావాలి. పక్కన టీ కొట్టు అతనో, పంక్చర్ షాపు అతనో చూసుంటే ఇష్టపడి ఇచ్చిన పేరు, ఫోన్ నంబర్ తీసుకుని ఉంచుకోండి. చాలా కేసుల్లో అసలు ప్రమాదాన్ని చూసిన మనిషి ఏడాది తర్వాత దొరకడు.

ఫోన్‌తో ఫోటోలు తీసేటప్పుడు గాయాలే తీస్తాం, రోడ్డు తియ్యం. రెండూ కావాలి. గుద్దిన బండి నంబర్ ప్లేటు, రెండు బండ్లూ ఆగిన చోటు, టైర్ల గీతలు, పగిలిన అద్దం ముక్కలు, డివైడర్, రోడ్డు మీద పోసిన ఇసుక కుప్ప, వెలగని లైటు, దగ్గర్లో ఉన్న షాపు బోర్డు లేదా కిలోమీటరు రాయి, ఇవన్నీ ఫ్రేములో పడాలి. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి తియ్యండి. ఆ ఫోటోలు తీసిన ఫోన్లోనే ఒరిజినల్‌గా ఉండాలి. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, ఫోటోలో దాగి ఉండే తేదీ, సమయం వివరాలు పోతాయి. కోర్టులో ఫోటో గానీ వీడియో గానీ వెయ్యాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చెయ్యాలి, తీసిన మనిషి, తీసిన ఫోను అప్పుడు అవసరమవుతాయి.

సీసీ కెమెరాల విషయంలో అస్సలు ఆలస్యం చెయ్యకండి. షాపుల వాళ్ల రికార్డర్లో కొన్ని రోజులకే, మహా అయితే నెలకే పాత వీడియో మీద కొత్తది ఎక్కిపోతుంది. పెట్రోల్ బంకు, బ్యాంకు ఏటీఎం, టోల్ ప్లాజా ఇలా ఏ కెమెరా అటువైపు చూస్తోందో గమనించి, ఆ వీడియో తెప్పించమని ఎస్సై గారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఇంకో కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. నోటితో చెప్పింది ఎక్కడా ఉండదు.

బండిని వెంటనే మెకానిక్ షెడ్డుకి పంపకండి. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) వచ్చి చూసి రిపోర్టు రాసేదాకా అది ఎలా ఉందో అలాగే ఉండాలి. చిరిగిన బట్టలు, పగిలిన హెల్మెట్ కూడా పారెయ్యకండి, హెల్మెట్ పెట్టుకున్నాడా లేదా అన్నది అవతలి లాయర్ తప్పకుండా అడుగుతాడు.

ఆసుపత్రిలో రాసే ఒక్క లైను

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కేసులు ఇక్కడే దెబ్బతింటాయి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ మెడికో లీగల్ కేసుగా, అంటే అందరూ ఎమ్మెల్సీ అనే రిజిస్టర్లో, వివరాలు రాసుకుంటారు. ఎలా జరిగింది అని అడుగుతారు. వెంట వచ్చిన మనిషి ఎవరో, ప్రమాదం చూడనివాడు, కంగారులో "బండి మీద నుంచి పడ్డాడండీ" అంటాడు. డాక్టర్ అదే రాస్తారు, జారిపడ్డాడు అని. వెనక నుంచి కారు గుద్దిన సంగతి ఆ లైనులో ఉండదు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఆ కేస్ షీట్ తెప్పించి, "చూడండి, మొదటి రోజు మీరే స్కిడ్ అయి పడ్డానని చెప్పారు, కారుని తర్వాత ఇరికించారు" అని ఆ ఒక్క లైను పట్టుకునే వాదిస్తాడు. ఎఫ్ఐఆర్ ఉన్నా, ఛార్జిషీటు ఉన్నా ఈ లైను అనుమానం పుట్టిస్తుంది.

కాబట్టి చూసినవాళ్లు ఉంటే వాళ్లతోనే చెప్పించండి. తెలియకపోతే ఊహించి చెప్పకుండా "రోడ్డు ప్రమాదం, ఎలా జరిగిందో నాకు తెలీదు" అనండి. ఏ బండి గుద్దింది, ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నవి తెలిస్తే స్పష్టంగా చెప్పి, ఏం రాశారో చదవమని మర్యాదగా అడగండి. ప్రైవేట్ ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లినా ఎమ్మెల్సీ చేసి దగ్గరి స్టేషన్‌కి సమాచారం పంపమని అడగాలి. కొందరు "పోలీసు గొడవ ఎందుకులే" అని మామూలు అడ్మిషన్ చేయించుకుంటారు, దాంతో ప్రమాదానికీ గాయానికీ మధ్య లింకు తెగిపోతుంది.

గాయాల సర్టిఫికెట్ అని ఇంకోటి ఉంటుంది, స్టేషన్లో, కోర్టులో వూండ్ సర్టిఫికెట్ అంటారు. అందులో ప్రతి గాయం సాధారణమా, తీవ్రమా అని ఉంటుంది. ఎముక విరిగితే, కీలు తప్పితే, పన్ను ఊడితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే. కొత్త భారతీయ న్యాయ సంహితలో, పదిహేను రోజుల పాటు మామూలు పనులు చేసుకోలేని స్థితి ఉన్నా తీవ్ర గాయమే, పాత చట్టంలో ఇది ఇరవై రోజులు ఉండేది. ఎక్స్‌రే తీయకముందే సర్టిఫికెట్ రాసి పంపేస్తే తీవ్ర గాయం కాస్తా సాధారణ గాయమైపోతుంది. ఎక్స్‌రే, స్కాన్ రిపోర్టులు డాక్టర్ దృష్టికి వెళ్లాయో లేదో చూసుకోండి.

వైద్యం ఖర్చు విషయానికి వస్తే, 2025 మేలో కేంద్రం తెచ్చిన క్యాష్‌లెస్ పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకి పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా వైద్యం ఉచితం. అడ్మిషన్ అప్పుడే ఈ పథకం వర్తిస్తుందా అని కౌంటర్లో అడగండి.

ఎఫ్ఐఆర్, రాజీ మాటలు

గుద్దిన బండి యజమాని మొదటి రోజు ఆసుపత్రికి వచ్చి, "కేసు వద్దండీ, ఖర్చంతా నేను పెట్టుకుంటా" అంటాడు. ఊళ్లో పెద్దమనుషులు కూడా సర్దిచెప్తారు. మొదటి బిల్లు కడతాడు కూడా. రెండో ఆపరేషన్ అనేసరికి ఫోన్ ఎత్తడం మానేస్తాడు, అప్పటికి నెల దాటిపోయి ఉంటుంది. అందరూ ఇలాగే చేస్తారని అనను, కానీ అతని నోటిమాట నమ్మి మీ మనిషి కాలుతో పందెం కాయకండి. ఒక సంగతి చాలామందికి తెలీదు. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి, లైసెన్స్ అవీ సరిగ్గా ఉంటే పరిహారం కట్టేది ఆ యజమాని జేబులోంచి కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. అతను ఏటా ప్రీమియం కట్టేదే దీని కోసం. కేసు పెడితే పాపం అతని కుటుంబం ఏమైపోతుందో అన్న మొహమాటం అక్కర్లేదు, ఈ మాట అతనికీ చెప్పండి.

ఫిర్యాదు ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. రోడ్డు ఏ స్టేషన్ పరిధిలోదో తెలియకపోతే దగ్గర్లోని స్టేషన్లో ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్లో ఇది స్పష్టంగా ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. మనిషి ఐసీయూలో ఉండి ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే ఒక వాక్యం రాయండి. ప్రాణం కాపాడుకోవడం ముందు, ఎఫ్ఐఆర్ తర్వాత, కాబట్టి ఆలస్యం ఒక్కటే చూసి కేసుని అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, కానీ కారణం కాగితం మీద ఉంటేనే ఆ తీర్పు మీకు పనికొస్తుంది.

ఫిర్యాదు రాసేటప్పుడు స్టేషన్లో రైటర్ చెప్పినట్టు గుడ్డిగా రాయకండి. తేదీ, సమయం, చోటు, బండి నంబర్, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి వెళ్తున్నారు, అవతలి బండి ఎలా వచ్చింది, స్పీడా, రాంగ్ రూటా, ఫోన్ మాట్లాడుతూ నడుపుతున్నాడా, చూసిన సాక్షులు ఎవరు, ఇంతవరకు చాలు. తెలీనిది కలిపి రాయకండి. బండి నంబర్ తెలియకపోతే తెలీదనే రాయండి. ఎవరో తెలిసినవాళ్ల ఇన్సూరెన్స్ ఉన్న బండిని తెచ్చి ఇరికించమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. అది నేరం, పైగా దొరికితే నిజమైన గాయానికి రావాల్సింది కూడా రాదు.

తర్వాత పోలీసుల నుంచి రావాల్సినవి పంచనామా, రఫ్ స్కెచ్, ఎంవీఐ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, ఛార్జిషీటు. ఛార్జిషీటు కోర్టులో వేశాక వీటన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోవచ్చు. డ్రైవర్ మెజిస్ట్రేట్ కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కడితే ఆ తీర్పు కాపీ కూడా తెచ్చుకోండి, చాలా ఉపయోగపడుతుంది. అలాగని క్రిమినల్ కేసు కొట్టేస్తే మన పరిహారం పోయినట్టు కాదు. అక్కడ నేరం నిస్సందేహంగా రుజువు కావాలి, ట్రిబ్యునల్లో ఏది ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తే చాలు.

2022 నుంచి వచ్చిన ఇంకో మంచి మార్పు ఏంటంటే పోలీసులే ట్రిబ్యునల్‌కి రిపోర్టులు పంపాలి. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి వివరాల నివేదిక. ఆ పూర్తి నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా తీసుకోవచ్చు. ఇదంతా గట్టిగా అమలు చెయ్యాలని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషన్‌కి వెళ్లినప్పుడు "ఆ వివరాల నివేదిక ట్రిబ్యునల్‌కి పంపారా సార్" అని పేరు పెట్టి అడగండి. విషయం తెలిసే అడుగుతున్నారని అర్థమైతే పని కదులుతుంది. కానీ దాని మీదే ఆధారపడి మీ పిటిషన్ ఆపుకోవద్దు.

డబ్బు లెక్క ఎలా వేస్తారు

నా దృష్టిలో మనవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. గాయం ఎంత పెద్దదో దాన్ని బట్టే పరిహారం వస్తుందనుకుంటారు. ట్రిబ్యునల్ చూసేది ఆ గాయం వల్ల మీ సంపాదన ఎంత తగ్గింది అని, దానికి కాగితం ఏది అని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 32 ఏళ్ల తాపీ మేస్త్రి, నెలకి 15,000 సంపాదన, కుడి కాలు విరిగి రాడ్ వేశారు, ఇక గోడ మీద, సారువా మీద నిలబడి పని చెయ్యలేడు. సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకోండి. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం సొంతంగా పని చేసుకునే 40 ఏళ్లలోపు మనిషికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, అంటే 21,000. ఏడాదికి 2,52,000. 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ల వయసుకి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 16. మొత్తం 40,32,000. అందులో 20 శాతం, 8,06,400. ఇది సంపాదన నష్టం ఒక్కటే.

ఇప్పుడు అదే మేస్త్రికి ఆదాయం కాగితం ఒక్కటీ లేదు, ట్రిబ్యునల్ ఊహించి నెలకి 9,000 అంది. డాక్టర్ వచ్చి ఆ పని ఎందుకు చెయ్యలేడో చెప్పలేదు, కాబట్టి 10 శాతమే తీసుకుంది. లెక్క వేస్తే 2,41,920. అదే మనిషి, అదే కాలు, ఐదున్నర లక్షల పైన తేడా.

అందుకే ఆదాయానికి ఏది దొరికితే అది పోగు చెయ్యండి. ఉద్యోగులకైతే జీతం స్లిప్పులు, ఫారం 16, సెలవు పెట్టిన రోజుల లెక్క ఆఫీసు లెటర్‌హెడ్ మీద. కూలి, మేస్త్రి, ఆటో, చిన్న వ్యాపారం వాళ్లకి బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే, గూగుల్‌పే లావాదేవీలు, భవన నిర్మాణ కార్మికుల కార్డు, ఆటో పర్మిట్, ఫైనాన్స్ కిస్తీలు కట్టిన రసీదులు (నెలనెలా కిస్తీ కట్టగలిగాడంటే ఆదాయం ఉన్నట్టే కదా), పని ఇచ్చిన కాంట్రాక్టర్ సాక్ష్యం. రైతుకి పట్టాదారు పాసు పుస్తకం ఒక్కటే చాలదు, పంట అమ్మిన పట్టీలు, కౌలు కాగితం, గాయం తర్వాత పొలం కూలి మనుషులతో చేయించిన ఖర్చు చూపించాలి. ఇంట్లో పని చేసే ఆడవాళ్లకి ఆదాయం లేదు కదా అని వదిలెయ్యకండి, గృహిణి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2021లో కీర్తి కేసులో గట్టిగా చెప్పింది.

వైకల్యం సర్టిఫికెట్ విషయంలో జాగ్రత్త. మెడికల్ బోర్డు ఇచ్చే శాతం వేరు, సంపాదన తగ్గిన శాతం వేరు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణ బాగా అర్థమవుతుంది: ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, అదే ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలవచ్చు. కాబట్టి మీరు రోజూ ఏం పని చేసేవారో, ఇప్పుడు అందులో ఏది చెయ్యలేకపోతున్నారో మీ వాంగ్మూలంలో విడమర్చి ఉండాలి. బరువు మొయ్యలేను అంటే చాలదు. 50 కిలోల సిమెంటు బస్తా ఎత్తలేను, మెట్లెక్కలేను, గొంతుక్కూర్చోలేను అని చెప్పాలి. మీకు వైద్యం చెయ్యని డాక్టర్ ఎవరో డబ్బు తీసుకుని పెద్ద శాతం రాసిచ్చే సర్టిఫికెట్ల జోలికి వెళ్లకండి, అదే తీర్పులో కోర్టు అలాంటివాటి మీద ట్రిబ్యునళ్లని హెచ్చరించింది. ఆపరేషన్ చేసిన డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్తే అన్నిటికంటే మేలు, రాలేకపోతే కోర్టు తరఫున కమిషనర్‌ని పెట్టి ఆసుపత్రిలోనే వాంగ్మూలం తీసుకోమని అడగవచ్చు.

బిల్లుల్లో మందుల షాపు చీటీలే ఎక్కువ పోతాయి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి, తెచ్చిన రోజే జిరాక్స్ తీయించి ఒరిజినల్‌కి పిన్ను కొట్టండి. బిల్లు మీద రోగి పేరు ఉండాలి, దానికి సరిపోయే ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ లాంటి పథకం కట్టిన మొత్తాన్ని మీరు కట్టినట్టు చూపించకండి, ఒక్క బిల్లు అబద్ధమని తేలితే మిగతావి కూడా అనుమానంలో పడతాయి. ఆటో, అంబులెన్సు ఖర్చులు, ఫిజియోథెరపీ, పౌష్టికాహారం, ఇంట్లో ఎవరైనా పని మానేసి తోడున్న రోజులు, ఆయాని పెట్టుకుంటే ఆమెకి ఇచ్చిన జీతం, నొప్పి, బాధ, ఇవన్నీ విడివిడిగా అడగాలి. ముఖ్యంగా రాడ్ గానీ ప్లేటు గానీ తర్వాత తీయించే ఆపరేషన్‌కి ఎంత అవుతుందో డాక్టర్‌తో అంచనా రాయించుకుని ఇప్పుడే అడగండి. తీర్పు వచ్చాక ఆ ఖర్చు కోసం మళ్లీ ట్రిబ్యునల్‌కి వెళ్లడం కుదరదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో వెయ్యాలి

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వెయ్యాలని ఇప్పటి చట్టం అంటోంది. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందు ఉంది, కాబట్టి ఇప్పటికే ఆరు నెలలు దాటినవాళ్లు ఆశ వదులుకోకుండా వెంటనే లాయర్‌ని కలవండి. కానీ దాటనివాళ్లు మాత్రం ఆ వాదన మీద ధీమాగా ఉండొద్దు, వైద్యం ఇంకా నడుస్తున్నా పిటిషన్ వేసేయండి, తర్వాతి బిల్లులు తర్వాత దాఖలు చెయ్యవచ్చు. అడిగిన మొత్తం తక్కువైపోయిందని బెంగ కూడా వద్దు, సరైన పరిహారం అయితే అడిగిన దానికంటే ఎక్కువ ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది.

ప్రమాదం జరిగిన ఊరి ట్రిబ్యునల్లోనే వెయ్యక్కర్లేదు. మీరు ఉండే చోట గానీ, పని చేసే చోట గానీ, అవతలివాళ్లు ఉండే చోట గానీ వెయ్యవచ్చు. విజయవాడ దగ్గర దెబ్బ తగిలిన కరీంనగర్ మనిషి కరీంనగర్ జిల్లా కోర్టులో వేసుకోవచ్చు. నంబర్ ఇచ్చాక దాన్ని ఎంవీఓపీ నంబర్ అంటారు, అది రాసి పెట్టుకుంటే ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదాలు మీరే చూసుకోవచ్చు. బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూడండి, డ్రైవర్, యజమాని, కంపెనీ ముగ్గురినీ పార్టీలుగా చేర్చాలి.

ఆసుపత్రి బెడ్ దగ్గరికే వచ్చి, "అంతా మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం" అనే ఏజెంట్లు ఉంటారు. మంచం మీద ఉన్న మనిషితో ఖాళీ వకాలత్ (లాయర్‌కి కేసు అప్పగించే కాగితం) మీద, తెల్ల కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. దయచేసి పెట్టొద్దు. వచ్చిన పరిహారంలో వాటా తీసుకునే ఒప్పందం లాయర్లకి బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషేధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, కట్టినదానికి రసీదు తీసుకుని, ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు వాటి జాబితా మీద సంతకం చేయించుకోండి. డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు.

కొన్ని చిక్కు కేసులు

గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం ఉంది. తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. దరఖాస్తు ఆ రెవెన్యూ డివిజన్ అధికారికి ఇవ్వాలి, మంజూరు చేసేది కలెక్టర్. తర్వాత బండి దొరికి పరిహారం వస్తే ఈ మొత్తం అందులో తగ్గిస్తారు.

తప్పు ఎవరిదో రుజువు చెయ్యడం కష్టమనిపిస్తే 164వ సెక్షన్ దారి ఉంది, తప్పుతో సంబంధం లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, అంతకు మించి రాదు. పెద్ద గాయమైతే 166 దారే మంచిది.

డ్రైవర్‌కి లైసెన్స్ లేదని కంపెనీ చేతులు దులుపుకోబోతే, ముందు బాధితుడికి కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించడం మామూలే, మీ లాయర్ దాన్ని అడగాలి. బైకు వెనక కూర్చుని, నడిపిన మీవాడి తప్పు వల్లే పడితే ఆ బైకుకి ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉందా, సొంత బండికీ కవర్ ఉండే ప్యాకేజీ పాలసీ ఉందా చూడాలి, మొదటిదాంట్లో వెనక కూర్చున్నవాళ్లకి మామూలుగా కవర్ ఉండదు. రెండు బండ్ల తప్పూ ఉండి మధ్యలో మీరు నలిగితే ఇద్దరిలో ఎవరి మీదైనా మొత్తం పరిహారానికి వెళ్లవచ్చు. డ్యూటీలో ఉన్న డ్రైవర్, క్లీనర్ లాంటివాళ్లు కార్మికుల పరిహార చట్టం (2025 నవంబర్ నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) కింద అయినా వెళ్లవచ్చు, ట్రిబ్యునల్‌కి అయినా వెళ్లవచ్చు, రెండూ కుదరవు, కాబట్టి మొదట ఎక్కడ కాగితం వేస్తున్నారో ఆలోచించి వెయ్యండి.

రాజీ, తీర్పు, డబ్బు చేతికి రావడం

ఇన్సూరెన్స్ కంపెనీ ముందుకొచ్చి ఆఫర్ ఇచ్చినా, లోక్ అదాలత్‌లో రాజీకి పిలిచినా వెళ్లండి, వెళ్లడంలో నష్టం లేదు. ఏళ్ల తరబడి వాయిదాలకి తిరగలేని కుటుంబానికి ఈ రోజు వచ్చే డబ్బు విలువ వేరు. కానీ పైన చెప్పిన లెక్క మీ సొంతంగా వేసుకుని, మీ కనీస మొత్తం ఎంతో నిర్ణయించుకుని వెళ్లండి. వైద్యం పూర్తి కాకుండా, వైకల్యం ఎంతో తేలకుండా సంతకం పెట్టొద్దు, లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు.

ట్రిబ్యునల్ తీర్పు తక్కువగా వస్తే హైకోర్టుకి 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తీర్పు మొత్తం మీద వడ్డీ కూడా వస్తుంది, సాధారణంగా పిటిషన్ వేసిన రోజు నుంచి లెక్క వేస్తారు, తీర్పు కాపీలో వడ్డీ శాతం, ఎప్పటి నుంచి అన్నది రాసి ఉందో లేదో చదవండి. డబ్బు నేరుగా బాధితుడి ఖాతాలోకి వెళ్లేలా చూడాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది, కాబట్టి పిటిషన్‌తోపాటే గాయపడ్డ మనిషి సొంత బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ, ఆధార్, పాన్ కాపీలు దాఖలు చేయించండి. ఖాతాలో పేరు, ఎఫ్ఐఆర్‌లో పేరు, ఆసుపత్రి రికార్డులో పేరు ఒకేలా లేకపోతే (ఇంటిపేరు ముందొకచోట, వెనకొకచోట రాయడం మనకి మామూలే) ఆ తేడాకి అఫిడవిట్ ముందే వేయించండి, లేకపోతే డబ్బు కోర్టు ఖాతాలో పడ్డాక కూడా బయటికి రావడానికి నెలలు పడుతుంది.